బడిలో కళలకు పీరియడ్ అడగాలంటే: పరిశోధనలను చేతపట్టుకుని ఎలా మాట్లాడాలి

ఒడిశాలో పర్లాకిమిడి, బరంపురం, గుణుపురం వైపు ఉండే తెలుగు తల్లిదండ్రుల కోసం ఇది రాస్తున్నాను. మీ పిల్లల బడి టైమ్‌టేబుల్‌లో పాటకు, బొమ్మకు, నాటకానికి చోటే ఉండకపోవచ్చు. ఉన్నా ఆ పీరియడ్‌ను లెక్కలకో ఇంగ్లీషుకో వాడేసుకుంటూ ఉండొచ్చు. దాన్ని మార్చమని అడిగే హక్కు మీకుంది. అయితే "కళలు మంచివి సార్" అని అడిగితే ఎవరూ కాదనరు, ఎవరూ ఏమీ చెయ్యరు. "ఫలానా చోట ఇలా పరీక్షించి చూశారు, ఇంత తేడా కనిపించింది, మన బడిలో ఈ చిన్న పని చేసి చూద్దాం" అని కాగితం పెడితే అవతలివాళ్లు ఏదో ఒక జవాబు చెప్పక తప్పదు.

మన ప్రాంతానికి దీంతో ప్రత్యేకంగా పని ఉంది. గజపతి, గంజాం, రాయగడ జిల్లాల్లో చాలామంది పిల్లలు ఇంట్లో తెలుగు మాట్లాడి, బడిలో ఒడియాలో పాఠం వింటారు. కొండల మీద సవర తెగ పిల్లలదీ ఇదే కష్టం, వాళ్లకింకా ఎక్కువ. ఇంటి భాష ఒకటి, పాఠం భాష ఒకటి అయిన పిల్ల తరగతిలో నోరు విప్పదు. టీచరేమో ఆ పిల్లకు రాదనుకుంటారు. పాఠంలోని కథను పిల్లల చేత ఆడిస్తే భాష మీద పట్టు పెరుగుతుందని చెప్పే పరిశోధన గట్టిగా ఉంది. కళల గురించి బడుల్లో జరిగిన పరిశోధనలన్నిటిలో మనకు అన్నిటికంటే పనికొచ్చేది అదేనని నా నమ్మకం. దాని చుట్టూనే మీ వాదన కట్టుకోమని చెబుతాను.

ఏం అడుగుతున్నారో ముందు ఒక్క వాక్యంలో రాసుకోండి

"పిల్లలకు కళలు నేర్పాలి" అంటే దేనికీ పట్టు దొరకదు. "6, 7 తరగతులకు వారానికి రెండు పీరియడ్లు, ఒడియా పాఠ్యపుస్తకంలోని కథలను తరగతిలో ఆడించాలి. నెలకొకసారి ఊరి కళాకారుడినో కళాకారిణినో బడికి పిలవాలి" అని రాస్తే, దానికి అవునో కాదో చెప్పాల్సి వస్తుంది. ఏ తరగతి, ఎన్ని పీరియడ్లు, ఎవరు చేయిస్తారు, ఎన్ని నెలలు అన్నవి ఆ వాక్యంలో ఉండాలి. ఒకేసారి సంగీతం టీచరు, డ్రాయింగ్ టీచరు, స్టేజీ అన్నీ అడగొద్దు. పెద్ద కోరిక పెడితే "పైనుంచి ఆర్డరు రావాలి" అనడం వాళ్లకు తేలిక.

మన దగ్గర కళాకారులకు కొదవ లేదు. గంజాంలో ప్రహ్లాద నాటకం ఆడేవాళ్లున్నారు. చైత్రంలో దండ నాట జరుగుతుంది. బరంపురంలో రెండేళ్లకొకసారి వచ్చే ఠాకురాణి యాత్రలో పులివేషం కట్టేవాళ్లు, పర్లాకిమిడిలో కొమ్ముతో బొమ్మలు చెక్కేవాళ్లు, గుణుపురం దాటితే గోడల మీద బొమ్మలు వేసే సవరలు ఉన్నారు. శ్రీకాకుళం వైపు నుంచి తప్పెటగుళ్లు, జముకుల కథ, తూర్పు భాగవతం తెలిసినవాళ్లు రాగలరు. మీ ఊరికి ఒక గంట దూరంలో ఎవరున్నారో ముగ్గురి పేర్లు రాసిపెట్టుకోండి. అడిగేటప్పుడు అవి మీ జేబులో ఉండాలి.

ఆ బడి ఎవరిదో, చట్టం ఏమంటోందో చూసుకోండి

మామూలు ప్రభుత్వ బడి అయితే కొన్ని బడులను కలిపిన క్లస్టర్ స్థాయిలో సీఆర్‌సీసీ (క్లస్టర్ కోఆర్డినేటర్), బ్లాకులో బీఈఓ (బ్లాకు విద్యాధికారి), జిల్లాలో డీఈఓ (జిల్లా విద్యాధికారి) ఉంటారు. ఎస్టీ, ఎస్సీ అభివృద్ధి శాఖ నడిపే ఆశ్రమ పాఠశాల అయితే దారి వేరు. బ్లాకులో వెల్ఫేర్ ఎక్స్‌టెన్షన్ ఆఫీసరును, జిల్లాలో వెల్ఫేర్ ఆఫీసరును కలవాలి. ఇది తెలుసుకోకుండా తిరిగితే నెలలు పోతాయి.

చట్టంలో మీకు కావాల్సినవి ఎక్కువేం లేవు. 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో, 6 నుంచి 8 తరగతుల్లో పిల్లలు 100 మందికి మించి ఉన్న బడికి కళా విద్య కోసం పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ ఉండాలని రాసి ఉంది. వ్యాయామ విద్యకు, పని విద్యకు కూడా అలాగే. మీ బడిలో ఆ మూడు తరగతుల్లో ఎంతమంది ఉన్నారో బడుల వివరాలుండే ప్రభుత్వ యూడైస్ ప్లస్ వెబ్‌సైట్‌లో స్కూల్ రిపోర్ట్ కార్డు తీస్తే తెలుస్తుంది. అదే చట్టం 29వ సెక్షన్ పిల్లల సర్వతోముఖ వికాసం గురించి, పని చేస్తూ నేర్చుకోవడం గురించి చెబుతుంది. పిల్లలు భయం లేకుండా తమ మాట చెప్పగలగాలనీ అంటుంది. ఈ చివరిదాన్ని గుర్తుపెట్టుకోండి, నాటకం గురించి మాట్లాడేటప్పుడు సరిగ్గా అతుకుతుంది.

2020 జాతీయ విద్యా విధానం 4.7 పేరాలో, మిగతా సబ్జెక్టుల పాఠాలను కళల ద్వారా చెప్పమంది. 4.9లో చదువుకూ, "చదువు కాని" కార్యక్రమాలకూ మధ్య గోడ ఉండకూడదంది. 2023 జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కళా విద్యను ఒక సబ్జెక్టుగానే లెక్కపెట్టింది. ఎన్‌సీఈఆర్‌టీ 2024లో 6వ తరగతికి కళల పుస్తకం కూడా తెచ్చింది. కాబట్టి మీరు అడుగుతున్నది కొత్త కోరికేం కాదు.

ఏ పరిశోధనను పట్టుకోవాలి, దేన్ని వదలాలి

ఈ పని మీద ఎక్కువ టైమ్ పెట్టండి. కళల వల్ల మార్కులు పెరుగుతాయనీ, మెదడు చురుకవుతుందనీ వాట్సాప్‌లో రోజూ ఏదో ఒకటి వస్తుంది. వాటిలో సగం నిలబడవు. నిలబడని మాట ఒక్కటి మీ కాగితంలో ఉంటే చాలు, తెలిసిన ఆఫీసరు దాన్ని పట్టుకుని మిగతావన్నీ పక్కన పెట్టేస్తారు.

ఏ పరిశోధన కనిపించినా ఒక ప్రశ్న వేసుకోండి: ఎవరితో పోల్చారు? సంగీతం నేర్చుకునే పిల్లలకు మార్కులు ఎక్కువ వస్తాయంటే, సంగీతం నేర్పించే స్తోమత ఉన్న ఇంట్లో ట్యూషనూ ఉంటుంది, పుస్తకాలూ ఉంటాయి. మార్కులు దేనివల్ల వచ్చాయో ఎలా చెబుతాం? అదే, లాటరీ తీసి కొన్ని బడులకు కళల కార్యక్రమం ఇచ్చి, కొన్నిటికి తర్వాత ఇస్తామని ఆపితే, రెండు వైపులా అన్ని రకాల ఇళ్ల పిల్లలూ ఉంటారు. అప్పుడు కనిపించిన తేడాను నమ్మొచ్చు.

ఈ పరీక్షకు నిలిచేవి మూడు చెబుతాను.

మొదటిది నాటకం, భాష గురించి. హార్వర్డ్‌లో ప్రాజెక్ట్ జీరో అనే బృందం 1950 నుంచి 1999 దాకా వచ్చిన పరిశోధనలను వెతికి, ఒకచోట పెట్టి, 2000లో ఫలితాలు ప్రచురించింది. ఎలెన్ విన్నర్, లోయిస్ హెట్‌లాండ్ దానికి పెద్దలు. అందులో తరగతి గది నాటకం మీద 80 పరిశోధనలను ఆన్ పోడ్లోజ్నీ విశ్లేషించారు. ఒక కథను ఆడిన పిల్లలనూ, అదే కథను చదివి ఊరుకున్న పిల్లలనూ పోల్చారు. ఆడినవాళ్లకు కథ బాగా అర్థమైంది, గుర్తుంది. మాట్లాడటం, రాయడం కూడా మెరుగయ్యాయి. ఇంకో విశేషం, ఆడిన కథ దగ్గరే ఆ లాభం ఆగలేదు, ఎప్పుడూ ఆడని కొత్త పాఠాల్లోనూ కనిపించింది. పదసంపద విషయంలో మాత్రం తేడా చిన్నది, నికరంగా చెప్పలేం. ఆ సంగతి కూడా మీ కాగితంలో రాయండి. రాస్తే మిగతా మాటల మీద నమ్మకం పెరుగుతుంది.

రెండోది అమెరికాలోని హ్యూస్టన్‌లో జరిగింది. డేనియల్ బోవెన్, బ్రయన్ కిసిడా అనే పరిశోధకులు 42 బడుల్లో లాటరీ పద్ధతిన చేసి, 2019లో నివేదిక ఇచ్చారు. 3 నుంచి 8 తరగతుల పిల్లలు 10,000 మందికి పైగా అందులో ఉన్నారు. ఊళ్లోని కళా సంస్థలతో బడులు జతకట్టాయి. కళాకారులు బడికి వచ్చి నేర్పారు, పిల్లలను ప్రదర్శనలకు తీసుకెళ్లారు. క్రమశిక్షణ తప్పి చర్యకు గురైన పిల్లల శాతం 3.6 పాయింట్లు తగ్గింది. రాత పరీక్షలో మెరుగుదల 0.13 ప్రామాణిక విచలనం. ఈ మాట మీటింగులో ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఇలా చెప్పండి: వంద మందిని మార్కుల ప్రకారం కింది నుంచి పైకి వరుసలో నిలబెడితే, 50వ చోట ఉన్న పిల్ల సుమారు 55వ చోటికి జరిగినట్టు. ఎదుటివారి కష్టాన్ని పట్టించుకునే గుణం కూడా కొంచెం పెరిగింది. లెక్కలు, సైన్సు, చదవడం మార్కుల్లో మాత్రం చెప్పుకోదగ్గ మార్పు లేదు. దీన్ని దాచకండి, ఇది కూడా మీకు పనికొస్తుంది. ఎలాగో కింద చెబుతాను.

మూడోది ఆర్కాన్సా రాష్ట్రంలో క్రిస్టల్ బ్రిడ్జెస్ అనే చిత్రకళా మ్యూజియంలో జరిగింది. 2011లో మ్యూజియం తెరిచినప్పుడు బడులన్నీ మేం వస్తామంటే మేం వస్తామన్నాయి. ఎవరు ముందు, ఎవరు తర్వాత అని లాటరీ తీశారు. 123 బడుల నుంచి దాదాపు 11,000 మంది పిల్లలను పరీక్షించారు. ఒక్కసారి వెళ్లొచ్చిన పిల్లలే కొత్త బొమ్మను ఇంకా శ్రద్ధగా గమనించి, కారణాలు చూపిస్తూ రాయగలిగారు. ఆ మార్పు పల్లెటూరి పిల్లల్లో, పేద బడుల పిల్లల్లో మిగతావాళ్లకంటే బాగా ఎక్కువ. పర్లాకిమిడిలో కొమ్ము పనివారి దగ్గరికో, ముఖలింగం గుడి శిల్పం చూడటానికో, జౌగడ అశోకుడి శాసనం దగ్గరికో పిల్లలను తీసుకెళ్దాం అని అడిగేటప్పుడు ఇది వాడండి.

ఇక వదలాల్సినవి. మొజార్ట్ సంగీతం వింటే తెలివి పెరుగుతుందన్న మాట 1993లో 36 మంది కాలేజీ విద్యార్థుల మీద చేసిన ఒక చిన్న ప్రయోగం నుంచి పుట్టింది. అందులోనూ ఆ ప్రభావం పావుగంట దాటలేదు. సంగీతం నేర్చుకుంటే ఐక్యూ పెరుగుతుందన్నది 2004లో గ్లెన్ షెలెన్‌బర్గ్ టొరంటోలో 144 మంది ఆరేళ్ల పిల్లల మీద చేసిన పరిశోధన. ఆ ఏడాదిలో సంగీతం నేర్చుకున్నవాళ్లకు సగటున 7 పాయింట్లు, మిగతావాళ్లకు 4.3 పెరిగాయి. తేడా మూడు పాయింట్ల లోపే. 2020లో 54 పరిశోధనలను, దాదాపు 7,000 మంది పిల్లల ఫలితాలను కలిపి చూస్తే, పోలిక పక్కాగా చేసిన చోట సంగీతం వల్ల తెలివిలో, మార్కుల్లో వచ్చే లాభం దాదాపు సున్నా అని తేలింది. షెలెన్‌బర్గ్ పరిశోధనలోనే, నాటకం నేర్చుకున్న పిల్లలు నలుగురితో మెలిగే తీరులో బాగుపడ్డారు. ఐక్యూ మాట పక్కన పెట్టి అది చెప్పండి.

పాట వల్ల లెక్కల మార్కులు రావన్నంత మాత్రాన పాటకు విలువ తగ్గదు. పిల్లలకు పాట కావాలి కాబట్టి పాట ఉండాలి. నేను దాన్ని మనసారా నమ్ముతాను, మీరూ మీటింగులో ధైర్యంగా అనండి. కాకపోతే దానికి పరిశోధన ముద్ర వేయకండి. నమ్మకాన్ని నమ్మకంగా, రుజువును రుజువుగా చెప్పండి.

మీ బడి లెక్క మీరు తీయండి

ఎక్కడో జరిగిన పరిశోధన పక్కన మీ బడి సంగతి లేకపోతే కాగితం ఖాళీగా కనిపిస్తుంది. హెడ్‌మాస్టరు గారిని అడిగి టైమ్‌టేబుల్ చూడండి. కళలకని ఎన్ని పీరియడ్లు రాసి ఉన్నాయి, పోయిన నెలలో ఎన్ని జరిగాయి? పిల్లలనే అడిగితే చెబుతారు. ఆ తరగతిలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లు, ఒడియా మాట్లాడేవాళ్లు, సవర మాట్లాడేవాళ్లు ఎంతమందో రాసుకోండి. వీలైతే టీచరు సాయంతో ఒక వారం, ఒడియా పీరియడ్‌లో తమంతట తాముగా నోరు విప్పిన పిల్లలెవరో గీతలు పెట్టించండి. ఈ చివరి లెక్క చూసి టీచర్లే ఆశ్చర్యపోతారు. ఎప్పుడూ చెయ్యెత్తేవాళ్లు కొద్దిమందే అని అప్పుడు వాళ్ల కళ్లకు కడుతుంది.

ఒక్క పేజీ, ఒడియాలో

ఆఫీసుకు వెళ్లే కాగితం ఒడియాలో ఉండాలి. తెలుగులో మీరు ముందు రాసుకుని, ఒడియా బాగా వచ్చినవాళ్ల చేత రాయించండి. తల్లులకు చదివి వినిపించడానికి తెలుగు కాపీ వేరే ఉంచుకోండి. ఒక్క పేజీ దాటొద్దు. ఇలా ఉంటే సరిపోతుంది:

"మా బడిలో 6వ తరగతి పిల్లల్లో చాలామంది ఇంటి భాష ఒడియా కాదు. ఒక వారం గమనిస్తే తరగతిలో తమంతట తాము మాట్లాడినవాళ్లు ఇంతమంది. పాఠంలోని కథను ఆడించిన తరగతుల్లో పిల్లలకు కథ అర్థం కావడం, మాట్లాడటం, రాయడం మెరుగైనట్టు 80 పరిశోధనలను కలిపి చూసిన విశ్లేషణ 2000లో తేల్చింది. అవి ఎక్కువగా విదేశాల్లో జరిగినవి. మన దగ్గర ఎలా ఉంటుందో నాలుగు నెలలు చేసి చూద్దామని కోరుతున్నాం. వారానికి రెండు పీరియడ్లు, ఒడియా పుస్తకంలోని కథలే. అదనపు పోస్టు అక్కర్లేదు. ముందు, తర్వాత పిల్లలను పరీక్షించి ఫలితం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీ ముందు పెడతాం."

కింద తల్లిదండ్రుల సంతకాలు, వేలిముద్రలు. చట్టం సెక్షన్ నంబర్లు చివర ఒక్క లైనులో చాలు. ముందే చట్టం పెడితే గొడవకు వచ్చారనుకుంటారు.

మహారాష్ట్ర వైపు, అంటే గడ్చిరోలి జిల్లా సిరొంచలో, నాందేడ్ జిల్లా ధర్మాబాద్‌లో ఉన్న తెలుగువాళ్లు ఇదే కాగితాన్ని మరాఠీలో రాయించుకోవాలి. అక్కడ కలవాల్సింది క్లస్టర్ స్థాయిలో కేంద్రప్రముఖ్‌ను, బ్లాకులో గటశిక్షణాధికారిని. ఆ రాష్ట్రంలో ఎలిమెంటరీ, ఇంటర్మీడియట్ డ్రాయింగ్ గ్రేడ్ పరీక్షలు ఎప్పటినుంచో ఉన్నాయి కాబట్టి మాట మొదలుపెట్టడానికి అదొక దారి.

ముందు తల్లులు, తర్వాత హెడ్‌మాస్టరు, ఆ తర్వాతే కమిటీ

స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. చట్టమే చెప్పింది. కానీ చాలాచోట్ల సంతకం పెట్టడం వరకే వాళ్ల పని అన్నట్టు జరుగుతుంది. మీటింగుకు ముందే ఇద్దరు ముగ్గురు తల్లులతో కూర్చోండి. "మీ అమ్మాయి ఇంట్లో గలగలా మాట్లాడుతుంది కదమ్మా, బడిలో కూడా అలాగే మాట్లాడుతుందా?" అని అడగండి. తర్వాతి మాట వాళ్లే అందుకుంటారు. పరిశోధన గురించి వాళ్లకు రెండు వాక్యాలు చాలు.

హెడ్‌మాస్టరు గారిని మీటింగులో మొదటిసారి అడగొద్దు. నలుగురిలో అడిగితే ఆయన కాదనక తప్పని పరిస్థితి వస్తుంది. ముందుగా విడిగా కలిసి, కాగితం చూపించి, "సార్, దీనిలో ఏం మార్చమంటారు?" అని అడగండి. ఆయన మార్చిన చోట మార్చండి. అప్పుడది ఆయన కాగితం కూడా అవుతుంది.

బడి అభివృద్ధి ప్రణాళికను ఈ కమిటీయే తయారు చెయ్యాలి. కేంద్రం ఇచ్చిన నమూనా నియమాల ప్రకారం ఆర్థిక సంవత్సరం ముగియడానికి మూడు నెలల ముందే అది తయారవ్వాలి, అంటే డిసెంబరు లోపు. కాబట్టి అక్టోబరు, నవంబరు మీటింగుల్లోనే మాట పెట్టండి. తీర్మానం మినిట్స్ పుస్తకంలో రాయించి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి.

ఎదురయ్యే మాటలు, వాటికి జవాబులు

"సిలబస్ అవ్వదు" అనేది మొదట వస్తుంది. చట్టం ప్రకారం 6 నుంచి 8 తరగతులకు ఏడాదికి 220 రోజులు, 1,000 బోధన గంటలు. వారానికి 40 నిమిషాల పీరియడ్లు రెండు అంటే ఏడాదికి 50 గంటల లోపే, నూటికి ఐదు కూడా కాదు. పైగా ఆడించేది సిలబస్‌లో ఉన్న పాఠాన్నే. హ్యూస్టన్ ఫలితం ఇక్కడ పనికొస్తుంది: అక్కడి బడుల్లో కళలకు టైమ్ పెంచినా లెక్కల, సైన్సు మార్కులు తగ్గినట్టు కనిపించలేదు. పెరగలేదు అన్నది ఒక మాటైతే, తగ్గలేదు అన్నది టెన్షన్ పడే హెడ్‌మాస్టరుకు కావాల్సిన మాట.

"అదంతా అమెరికా సంగతి." అవునని ఒప్పుకోండి. అక్కడి తరగతిలో పిల్లలు తక్కువ, డబ్బు ఎక్కువ. అందుకే నాలుగు నెలలు మన దగ్గర చేసి చూద్దామంటున్నాం అని చెప్పండి. ఇంతకంటే మంచి జవాబు లేదు.

మన సరిహద్దులో ఇంకో మాట వస్తుంది, దానికి ముందే సిద్ధంగా ఉండాలి. "తెలుగువాళ్లు తెలుగు నాటకాలు బడిలోకి తెస్తున్నారు" అని ఎవరో ఒకరు అంటారు. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచీ ఈ ప్రాంతంలో భాష సున్నితమైన విషయం. అందుకే మొదటి విడతలో ఒడియా పుస్తకంలోని కథలనే ఆడించమని చెబుతున్నాను. తెలుగు పిల్ల ఒడియాలో ధైర్యంగా మాట్లాడటం ఒడియా టీచరుకూ కావాలి, మనకూ కావాలి. రిహార్సల్లో పిల్లలు తెలుగులోనో సవరలోనో ముందు అనుకుని, తర్వాత ఒడియాలో చెప్పనిస్తే చాలు. రాజ్యాంగంలో 350ఎ అధికరణం మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లుండాలంది. దాని కోసం చేసే పోరాటం వేరే ఉంది, అవసరమైనదే. ఈ కాగితంలో దాన్ని కలిపితే రెండూ ఆగిపోతాయి. ఇంటి భాషను తోసేయకుండా చదువు చెప్పడం పర్లాకిమిడికి కొత్త కాదని గుర్తుచేయండి. 1880లో అక్కడ టీచరుగా చేరిన గిడుగు రామమూర్తి పంతులు సవర నేర్చుకుని, సవర పిల్లల కోసం ఆ భాషలోనే వాచకాలు రాశారు.

"ఆడపిల్ల స్టేజీ ఎక్కడం మాకిష్టం లేదు" అని కొందరు తండ్రులు అనొచ్చు. మీరు అడుగుతున్నది స్టేజీ నాటకం కాదని విడమర్చండి. బెంచీలు జరిపి, యూనిఫాంలోనే, తరగతిలో ఉన్న నలభై మంది మధ్య ఆడుకునే ఆట అది. మేకప్ లేదు, చూడ్డానికి బయటివాళ్లు రారు. పరిశోధనలు చూసిందీ ఎక్కువగా ఇలాంటి తరగతి గది నాటకాన్నే. వార్షికోత్సవానికి ఆరుగురు బాగా మాట్లాడే పిల్లలను ఏరుకుని నెలరోజులు తోమితే, మూలన కూర్చున్న పిల్ల మూలనే ఉండిపోతుంది. ప్రతి పిల్లకూ ఒక మాటైనా ఉండాలని కమిటీ తీర్మానంలోనే రాయించండి.

"చేయించేవాళ్లు ఎవరు?" అంటే, కథ ఆడించడం భాషా టీచరే చేయగలరు. నెలకోసారి వచ్చే కళాకారులకు దారి ఖర్చులు, ఎంతోకొంత గౌరవ వేతనం ఇవ్వాలి. కళ కదా అని ఉచితంగా రమ్మనడం తప్పు. బయటి మనిషి తరగతిలో ఉన్నంతసేపు టీచరు కూడా అక్కడే ఉండాలన్న నియమం పెట్టుకోండి. బడికి కళల పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్ రావాల్సి ఉంటే, ఆ అర్జీ వేరే కాగితం మీద పెట్టండి.

నాలుగు నెలలు చేసి, సరిగ్గా కొలవండి

6వ తరగతికి రెండు సెక్షన్లుంటే చీటీ తీసి ఒకదానిలో ముందు మొదలుపెట్టండి, రెండోది తర్వాతి విడతలో. పిల్లల ముందే చీటీ తీస్తే ఎవరికీ మనసు నొచ్చదు. మొదలుపెట్టే ముందు, అయిపోయాక, రెండు సెక్షన్ల పిల్లలకూ ఎవరూ వినని ఒక చిన్న ఒడియా కథ చదివి వినిపించండి. రెండుసార్లూ కథ వేరుగా ఉండాలి. కథలో ముఖ్యమైన సంగతులు పది ముందే రాసిపెట్టుకోండి. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి కథ తిరిగి చెప్పించి, పదింట్లో ఎన్ని చెప్పారో గీతలు పెట్టండి. వినేవారికి ఏ పిల్ల ఏ సెక్షనో తెలియకూడదు. పక్క బడి టీచరైతే మంచిది. హాజరు పట్టీలో రెండు సెక్షన్ల సగటూ తీయండి. తరగతిలో నోరు విప్పినవాళ్ల గీతలు మళ్లీ ఒక వారం పెట్టించండి. ఒకే సెక్షన్ ఉంటే ముందూ తర్వాతా మాత్రమే పోల్చగలరు. అప్పుడు పిల్లలు వయసుతో పాటు కూడా ఎదుగుతారు కదా అని ఎవరైనా అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

ఒక బడిలో ఎనభై మంది పిల్లలతో వచ్చిన ఫలితాన్ని "నిరూపించాం" అని రాయకండి. "మా బడిలో ఇలా కనిపించింది" అనండి. తేడా రాకపోతే అదీ రాయండి, పిల్లలు ఏమన్నారో కలపండి, ఏం మార్చి చేద్దామో టీచరుతో కూర్చుని ఆలోచించండి.

ఫలితంతో సీఆర్‌సీసీని కలవండి, ఆయన ద్వారా బీఈఓను. ఒక పీరియడ్‌కు వచ్చి చూడమని పిలవండి. వచ్చిన రోజున పిల్లలకు ప్రత్యేకంగా ఏమీ నేర్పొద్దు, మామూలుగా జరిగేదే చూడనివ్వండి. కళల ఇన్‌స్ట్రక్టర్ గురించి అర్జీ పెట్టి నెలలు గడిచినా జవాబు రాకపోతే, 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో అడగొచ్చు. ఒడిశాలో దానికి ఫారం ఎ ఉంటుంది. రెండే ప్రశ్నలు రాయండి: మా బ్లాకులో కళా విద్య పార్ట్‌టైమ్ ఇన్‌స్ట్రక్టర్లు ఎన్ని బడులకు మంజూరయ్యారు, ఎన్ని బడుల్లో ఖాళీగా ఉంది? 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. అయితే ఈ దారి చివరికి ఉంచుకోండి. ముందే వెళ్తే హెడ్‌మాస్టరు గారు ఇబ్బందిలో పడతారు, తరగతిలో జరగాల్సిన పని ఆగిపోతుంది.

కమిటీ పదవీకాలం ముగిసి కొత్తవాళ్లు వస్తారు, హెడ్‌మాస్టర్లు బదిలీ అవుతారు. కాబట్టి ఒక ఫైలు బడిలో, ఇంకోటి మీ ఇంట్లో పెట్టండి. అందులో మొదటి కాగితం ఒడియాలోనూ తెలుగులోనూ, తీర్మానం కాపీ, ముందూ తర్వాతా తీసిన లెక్కలు, ఆడించిన కథల పేర్లు, వచ్చిన కళాకారుల ఫోన్ నంబర్లు ఉండాలి. కొత్త కమిటీ మొదటి మీటింగుకు మీరే ఆ ఫైలు పట్టుకెళ్లి, రెండో సెక్షన్‌కు విడత ఎప్పుడు మొదలవుతుందో తేదీ వేయించండి.